కీరా పండా? కూరగాయా? మెస్‌లో మొదలైన పంచాయితీ

పోయిన వేసవిలో ఒక మంగళవారం రాత్రి. ఉనైజాలోని మా క్యాంపు మెస్‌లో పళ్లేలు పట్టుకుని లైన్లో నిలబడ్డాం. అన్నం, పప్పు, కోడికూర, రెండు ఖుబ్బూస్‌లు వడ్డించారు. చివర్లో అరటిపండు ఇచ్చే చోట ఆ రోజు మనిషికొక కీరా దోసకాయ చేతిలో పెట్టారు. అరటిపండ్లు అయిపోయాయేమో అనుకుని తిని పడుకున్నాం. బుధవారం కూడా కీరాయే. గురువారం కూడా కీరాయే.

గురువారం రాత్రి జగిత్యాల అన్న ఇక ఊరుకోలేదు. కీరాను మెస్ సూపర్‌వైజర్ ముందు బల్ల మీద పెట్టి "పండు ఏది?" అని అడిగాడు. సూపర్‌వైజర్ ఏ మాత్రం తడుముకోకుండా "ఇదే పండు. సైన్సు ప్రకారం కీరా కూడా పండే. కావాలంటే చదువుకున్నవాళ్లను అడుగు" అని హిందీలో చెప్పాడు. అన్న మా వైపు తిరిగి "ఇదేం పండురా బై? ఇయ్యాల ఇది పండంటడు, రేపు ఉల్లిగడ్డ పెట్టి గది గూడ పండే అంటడు" అన్నాడు. లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు గానీ, ఆయన మొహంలో నవ్వు లేదు.

నవ్వులాటకు తీసేయాల్సిన సంగతి కాదిది. మెస్ ఖర్చు కింద మా జీతంలోంచి నెల నెలా కోత పడుతుంది. రాత్రి భోజనంతో పాటు మనిషికి రోజూ 1 పండు, సలాడ్ ఇవ్వాలని మెస్ కాగితంలో ఉంది. ఆ కాగితం టైపు చేసింది నేనే. ఆఫీసులో నా పని అదే: హాజరు పట్టీలు, మెస్ పట్టీలు, సెలవు కాగితాలు. పట్టీలో "పండు 1" అని ఉందే గానీ ఏ పండో లేదు. ఆ సందులోంచే కీరా దూరింది. తప్పులో నాకూ వాటా ఉంది కాబట్టి, ఈ పండు సంగతేమిటో తేల్చుకోవాలని కూర్చున్నాను.

సైన్సు ఏమంటుంది?

నేను ఇంటర్‌లో బైపీసీ చదివాను. వృక్షశాస్త్రం లెక్చరర్ బోర్డు మీద పువ్వు బొమ్మ గీసి చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. పువ్వు అడుగున అండాశయం ఉంటుంది. ఫలదీకరణ జరిగాక ఆ అండాశయం పెరిగి ఫలం అవుతుంది, అందులోని అండాలు విత్తనాలవుతాయి. ఈ లెక్కన పువ్వులోంచి పుట్టి, లోపల గింజలున్నది ఏదైనా ఫలమే.

ఆ లెక్క పట్టుకుంటే మన కూరల బుట్ట సగం ఖాళీ అవుతుంది. వంకాయ, బెండకాయ, టమాటా, కాకరకాయ, సొరకాయ, బీరకాయ, మునక్కాయ, పచ్చిమిరపకాయ, కీరా అన్నీ ఫలాలే. వీటిలో టమాటా, వంకాయ మృదుఫలాల జాతి, అరటిపండు కూడా అదే జాతి. మరి ఆపిల్? అందులో మనం తినే కండ అండాశయం నుంచి కాకుండా ఎక్కువగా పుష్పాసనం నుంచి వస్తుంది. అందుకే దాన్ని అనృత ఫలం అంటారు. మన పలాసలో పండే జీడిమామిడి పండుదీ అదే కథ, కండ ఒక చోట నుంచి, అసలు ఫలమైన గింజ ఇంకో చోట నుంచి.

ఇంతకీ "కూరగాయ" అనే మాట వృక్షశాస్త్రంలో ఒక జాతిగా లేనే లేదు. క్యారెట్ వేరు, బంగాళదుంప కాండం, పాలకూర ఆకు, కాలీఫ్లవర్ పూల గుత్తి. వీటన్నిటినీ కలిపి కూరగాయలన్నది వంటవాళ్లే. అంటే మెస్ సూపర్‌వైజర్ చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. సైన్సు ప్రకారం కీరా ఫలమే. కానీ మెస్ కాగితం సైన్సు పరీక్ష కోసం రాసింది కాదు కదా! అన్నం తినేవాళ్ల కోసం రాసింది.

మన భాష ఏమంటుంది?

పండా, కూరగాయా అని రెండే గదులు చేసి అడగడం నిజానికి మన తెలుగు పద్ధతి కాదు. మనకు మధ్యలో "కాయ" అని ఇంకో గది ఉంది. పూత, పిందె, కాయ, దోర, పండు. చెట్టు మీద ఉన్న ఒకే వస్తువుకు వయసును బట్టి ఇన్ని పేర్లు. మామిడికాయ పప్పులో వేస్తాం, మామిడిపండు చేత్తో తింటాం. అరటికాయ వేపుడు చేస్తాం, అరటిపండు తాంబూలంలో పెడతాం. చింతకాయ పచ్చడి, చింతపండు పులుసు. మిరపకాయ ఎర్రబడితే పండుమిరప. మనం అడిగేది "ఇది ఏ జాతి" అని కాదు, "ఇది ఎంత ముగ్గింది" అని. కూరగాయ అన్న మాటలోనే చూడండి, కూరకు పనికొచ్చే కాయ అని అర్థం విడిగా కనబడుతుంది.

అయితే పేరు చూసి తీర్పు చెప్పేద్దామంటే అదీ కుదరదు. పుచ్చకాయ పేరులో కాయ ఉంది, కానీ ఎర్రగా పండాకే కోసుకు తింటాం. జామకాయ బాగా పండినా చాలామంది జామకాయ అనే అంటారు. చింతపండు పేరులో పండు ఉంది, కానీ రాత్రి భోజనంలో మనిషికొక పండు అని చెప్పి నిమ్మకాయంత చింతపండు చేతిలో పెడితే ఊరుకుంటామా? టమాటా సంగతి ఇంకా తమాషా. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట. మనవాళ్లు దానికి రామములగ అని పేరు పెట్టుకున్నారు. పచ్చిదైతే పచ్చడికి, పండిందైతే పప్పుకి వాడతారు. ఎంత ఎర్రగా పండినా అది చేరేది కూరల గంపలోకే.

కీరా మీద ఇలాగే వాదించుకుంటుంటే కడప తమ్ముడు ఒక మాట అన్నాడు. "అన్నా, మా అమ్మ శనివారం ఒక్కపొద్దు ఉంటాది. పండ్లు తెమ్మంటే నేను దోసకాయలు తీసకపోతే ఏమంటాది?" దీనికి జవాబు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ప్రశ్ననే పెద్ద పెద్ద కోర్టులు కూడా అడిగాయని తర్వాత తెలిసింది.

కోర్టు మెట్లెక్కిన టమాటా

అమెరికాలో 1883లో ఒక సుంకం చట్టం వచ్చింది. బయటి దేశాల నుంచి వచ్చే కూరగాయల మీద 10 శాతం పన్ను, పండ్ల మీద పన్ను లేదు. 1886లో జాన్ నిక్స్ అనే వ్యాపారి కుటుంబం వెస్టిండీస్ నుంచి టమాటాలు తెప్పించింది. న్యూయార్క్ రేవు సుంకం అధికారి ఎడ్వర్డ్ హెడెన్ వాటిని కూరగాయల కింద లెక్కేసి పన్ను వసూలు చేశాడు. టమాటా పండు కాబట్టి మా డబ్బు మాకివ్వండని నిక్స్ వాళ్లు 1887లో కేసు వేశారు. కోర్టులో నిఘంటువులు తెరిచి అర్థాలు చదివారు. వాళ్లు టమాటా అర్థం చదివితే, వీళ్లు కీరా, వంకాయ, బఠాణీ అర్థాలు చదివారు.

1893 మే 10న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వృక్షశాస్త్రం ప్రకారం టమాటా ఫలమే, కీరా కూడా ఫలమే అని ఒప్పుకుంది. కానీ జనం మాటలో, బజారులో, ఇవి కూరగాయలు. భోజనంలో మాంసంతో, చేపతో కలిపి తింటారు గానీ, భోజనం అయ్యాక పండులా తినరు. కాబట్టి టమాటా కూరగాయే, పన్ను కట్టాల్సిందే. నిక్స్ వాళ్లు ఓడిపోయారు.

ఇలాంటి పంచాయితీ కెనడాలో 1951లో వేరుశెనగ పప్పు మీద వచ్చింది. పన్ను తప్పించుకోవడానికి ఉప్పు వేరుశెనగ, జీడిపప్పు కూడా పండ్లో, కూరగాయలో అని ఒక కంపెనీ వాదించింది. రాత్రి భోజనానికి పండ్లో కూరగాయలో తెమ్మని చెబితే ఇంటి మనిషి వేరుశెనగలు పట్టుకొస్తాడా అన్నది అక్కడి జడ్జి వేసిన ప్రశ్న. మా కడప తమ్ముడి ప్రశ్నే!

మన దేశంలోనూ ఇవి తక్కువేం కాదు. 1961లో అకోలా వ్యాపారి ఒకాయన తమలపాకులు కూరగాయల కిందికి వస్తాయి, అమ్మకం పన్ను వేయకూడదని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. పెరట్లో పండించుకుని వంటకు వాడుకునేవే కూరగాయలని, తమలపాకు అందులోకి రాదని కోర్టు తేల్చింది. చెరకు కూడా పచ్చి కూరగాయ కాదని 1960ల మొదట్లోనే ఇంకో తీర్పు వచ్చింది. 1977లో పశ్చిమ బెంగాల్ నుంచి పచ్చి అల్లం కేసు వస్తే, అది మాత్రం కూరగాయల్లోకే వస్తుందని చెప్పింది.

మా గదిలో కోనసీమ తమ్ముడు ఉన్నాడు కాబట్టి కొబ్బరికాయ సంగతి చెప్పక తప్పదు. తమిళనాడు వ్యాపారి వేసిన కేసులో 1985లో మన సుప్రీంకోర్టు, కొబ్బరికాయ పండూ కాదు, కూరగాయా కాదు అని చెప్పింది. ఆ మాట చదివి వినిపిస్తే తమ్ముడు నవ్వాడు. "దానికి కోర్టెందుకండీ? కొబ్బరిపండు అని మా ఊళ్లో ఎవరైనా అన్నారేంటి? అది కొబ్బరికాయే" అన్నాడు.

ఈ తీర్పులన్నిట్లో తేలిన సంగతి ఒక్కటే. చట్టంలో వేరే అర్థం రాసి లేకపోతే, మాటకు బజారులో మామూలు మనుషులు ఇచ్చే అర్థమే అర్థం. వేరే అర్థం కావాలంటే ముందే రాసుకోవాలి. దానికి యూరప్‌ది మంచి ఉదాహరణ. 2001లో యూరోపియన్ యూనియన్ జామ్‌ల కోసం రాసుకున్న నిబంధనల్లో టమాటా, క్యారెట్, చిలగడదుంప, గుమ్మడి, కీరాలను కూడా పండ్ల కింద లెక్కేయాలని పేరు పేరునా రాశారు. జామ్ వరకే ఆ లెక్క. ఈ ముక్క మా మెస్ సూపర్‌వైజర్ కంట పడలేదు, పడితే ఇంకో నెల కీరాయే తినేవాళ్లం.

ఇక్కడి బజారు ఏమంటుంది?

మరి మనముండేది అమెరికాలో కాదు, ఉనైజాలో. ఇక్కడి బజారు మాటేమిటి? కూరల బజారుకు వెళ్లిన ప్రతివాడికీ రెండు మాటలు తెలుసు. ఖుదార్ అంటే కూరగాయలు, ఫవాకిహ్ అంటే పండ్లు. ఖియార్, అంటే మన కీరా, ఖుదార్ వైపే ఉంటుంది. ఫవాకిహ్ వైపు అరటి, ఆపిల్, నారింజ, ద్రాక్ష ఉంటాయి.

ఇక ఖర్జూరం దగ్గరికొస్తే అరబ్బులు మనకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. అల్ ఖసీమ్ అంటేనే ఖర్జూరం, మన ఉనైజా, పక్కనున్న బురైదా రెండూ దానికి పేరు మోసినవే. ఆగస్టు వచ్చిందంటే బజారు నిండా సుక్కరీ పెట్టెలే. మనకు పిందె, కాయ, దోర, పండు ఉన్నట్టే వాళ్లకూ ఉన్నాయి. ఆకుపచ్చగా ఉన్నప్పుడు కిమ్రీ. పసుపో ఎరుపో రంగు తిరిగి గట్టిగా కరకరలాడేది బుస్ర్, దాన్నే ఖలాల్ అని కూడా అంటారు. మెత్తబడి రసం ఊరితే రుతబ్. ఆరి నిలవకు పనికొచ్చేది తమ్ర్. తోటల్లో పనిచేసే మన సోదరులకు ఇవి నోటికొచ్చిన పాఠమే. మన కాయ, పండు లెక్క తెలిసినవాడికి ఇది నేర్చుకోవడం ఒక పూట పని.

ఈ మాటల మధ్యలో నిజామాబాద్ భాయ్ చెప్పిన సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఎవరైనా "నేను పండు తినను" అని ఒట్టు పెట్టుకుంటే, ఏది తింటే ఆ ఒట్టు తప్పినట్టు అన్న ప్రశ్న ఇస్లాం ధర్మశాస్త్రంలో వందల ఏళ్ల కిందటే వచ్చిందట. హనఫీ పద్ధతికి మూలపురుషుడైన ఇమామ్ అబూ హనీఫా 767లో కన్నుమూశారు. ఆయన అభిప్రాయం ప్రకారం ఆపిల్, ఖర్బూజ తింటే ఒట్టు తప్పినట్టే. ద్రాక్ష, దానిమ్మ, మెత్తటి ఖర్జూరం తింటే తప్పినట్టు కాదు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ దీనికి ఒప్పుకోలేదు. ఆ మూడూ పండ్లే, తింటే ఒట్టు తప్పినట్టే అన్నారు. గురువు, శిష్యులు అంత పెద్ద విషయంలో తేడాపడ్డారు గానీ, కీరా విషయంలో ఎవరికీ తేడా లేదు. అది కూరల్లోదే, పండు కాదు. 12వ శతాబ్దంలో వచ్చిన హిదాయా అనే గ్రంథంలో ఇది ఉంది. అంటే మా మెస్ పంచాయితీకి ఎప్పుడో జవాబు రాసిపెట్టి ఉందన్నమాట.

ఒంటికి ఏది లెక్క?

పేరు ఏదైతేనేం, తినేస్తే పోలా అని కొందరు అన్నారు. పోదు. 100 గ్రాముల అరటిపండులో సుమారు 90 క్యాలరీల శక్తి ఉంటుంది, అంతే కీరాలో 15 మాత్రమే. కీరాలో 95 శాతం దాకా నీళ్లే. నారింజలో విటమిన్ సి 50 మిల్లీగ్రాములు ఉంటే కీరాలో 3 మిల్లీగ్రాములకు మించదు. అలాగని కీరా చెడ్డదని కాదు. ఈ ఎండల్లో ఒంటికి నీరిచ్చే మంచి వస్తువు. కానీ అది సలాడ్‌లో ఎలాగూ ఉంది. అదే మళ్లీ పండు పేరుతో వస్తే, ఒక వస్తువును రెండుసార్లు లెక్కేసి ఒక వస్తువును ఎగ్గొట్టినట్టే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లు రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలంటుంది. ఆ లెక్కలో బంగాళదుంప, చిలగడదుంప, కర్రపెండలం లాంటి పిండి దుంపలు రావు. ఇది మన క్యాంపుల్లో అందరూ గుర్తుంచుకోవాల్సిన మాట. వారానికి నాలుగు రోజులు ఆలూ కూర తిని "కూరగాయలు తింటూనే ఉన్నాం" అనుకుంటాం. వంటవాడి లెక్కలో ఆలూ కూరగాయే, డాక్టరు లెక్కలో అది అన్నానికి తమ్ముడు.

ఖర్జూరం కూడా అంతే. పండే, మంచి పండే. కానీ ఎండు ఖర్జూరం 100 గ్రాముల్లో 60 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. షుగర్ ఉన్న సోదరులు "పండే కదా" అని సుక్కరీ పెట్టె ముందు పెట్టుకుని కూర్చోవద్దు. ఎన్ని తినవచ్చో డాక్టరును అడిగి తినండి.

పంచాయితీ ఎలా తీరింది?

శనివారం పొద్దున నేను పాత మెస్ కాగితం, పక్కన కొత్తగా టైపు చేసిన కాగితం పట్టుకుని క్యాంపు మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఆయన అరబ్బు. తీర్పుల కథలేవీ చెప్పలేదు. మూడు రోజులుగా పండుకు బదులు ఖియార్ ఇస్తున్నారని మాత్రం చెప్పాను. ఆయన ఒక్కసారి తలెత్తి "ఖియార్ ఖుదార్" అన్నాడు. అంతే. రెండు మాటల్లో కేసు కొట్టేశాడు.

మెస్ సూపర్‌వైజర్‌ను పిలిపించారు. ఆ వారం అరటిపండ్ల పెట్టెల ధర పెరిగిందని, తనకిచ్చిన డబ్బుల్లో సరిపెట్టడానికి అలా చేశానని అతను చెప్పాడు. అతనూ మనలాగే జీతానికి వచ్చినవాడు. అతన్ని తిట్టి లాభం లేదని జగిత్యాల అన్నే అన్నాడు. "ముందుగాల్నే చెప్తె నారింజ తీసుకుందుము కదా" అన్నాడు.

కొత్త పట్టీలో ఇప్పుడు "పండు 1" అని లేదు. అరటిపండు 1, లేదా నారింజ 1, లేదా ఆపిల్ 1, లేదా పుచ్చకాయ పెద్ద ముక్క 1 అని ఉంది. కీరా, టమాటా, ఉల్లి, నిమ్మ సలాడ్ వరుసలో విడిగా ఉన్నాయి. ఆలూ కాకుండా ఇంకో కూర రోజూ ఉండాలని కూడా రాశాం. ఉర్దూలో, తెలుగులో ఒక కాపీ మెస్ గోడకు అంటించాం. పోయిన మూడు రోజుల పండ్లు మాత్రం తిరిగి రాలేదు. అన్నీ గెలిచామని చెప్పను.

సోదరులారా, మీ క్యాంపులో కూడా మెస్ కాగితం ఉంటే ఒకసారి చదివించుకుని వినండి. పండు, కూర, మాంసం అని మొత్తంగా రాసి ఉంటే పేర్లు రాయమని అడగండి, లెక్క రాయమని అడగండి. "మాంసం" అంటే ఎన్ని ముక్కలు, "పాలు" అంటే పాలా, పాలపొడా అని అడగండి. పోట్లాట అక్కర్లేదు, మర్యాదగా నలుగురు కలిసి అడిగితే చాలు. చదువు రానివాళ్లకు పక్కనున్నవాళ్లు చదివి చెప్పండి. మా ఆఫీసు గుమాస్తాలు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. మనం తొందరలో టైపు చేసిన ఒక్క మాట రాత్రికి రెండు వందల మంది పళ్లెంలోకి వెళ్తుంది.

ఈ శుక్రవారం మా గదిలో కీరా పచ్చడి చేశారు. కోనసీమ తమ్ముడు కొబ్బరి వేశాడు, కడప తమ్ముడు పచ్చిమిరపకాయలు రెండు ఎక్కువే వేశాడు. తిన్న తర్వాత అందరం తలా ఒక అరటిపండు తిన్నాం.